ఒకే పాత్రపై పలు కొనసాగే డ్యామేజ్‌లు పడినప్పుడు లెక్క తేల్చే పద్ధతి

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో కత్తి దెబ్బ లెక్క తేలిక. పాచిక వేస్తాం, వచ్చిన అంకెను హిట్ పాయింట్లలోంచి (పాత్ర ప్రాణబలాన్ని చూపే అంకె) తీసేస్తాం, అంతటితో ఆ దెబ్బ సంగతి ముగుస్తుంది. మంట, విషం, ఆమ్లం, రక్తస్రావం వంటివి అలా ముగియవు. అవి పాత్రను అంటిపెట్టుకొని, వంతు వచ్చిన ప్రతిసారీ కొన్ని హిట్ పాయింట్లను హరిస్తూ, ఎవరైనా ఆపేవరకో పాచిక అనుకూలించేవరకో సాగుతూనే ఉంటాయి. ఇటువంటిది ఒక్కటే ఉన్నంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. అప్పటికే మండుతున్న శత్రువు మీద మరొకరు ఇంకో నిప్పు సీసా విసిరినప్పుడు, లేదా రక్తం కారుతున్న యోధుడికి రెండో గాయం తగిలినప్పుడు మాత్రం ఆట ఆగి, నియమాల పుస్తకం తెరుచుకుంటుంది. రెండు మంటలూ కలుస్తాయా, పెద్దది మాత్రమే లెక్కకు వస్తుందా, ఆర్పడానికి ఒక పాచిక చాలా, రెండు వేయాలా అన్నవి అప్పుడు తలెత్తే ప్రశ్నలు.

ప్రతి ఆటా వీటికి తనదైన సమాధానం ఇచ్చింది, ఆ సమాధానాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒక ఆటలో పడిన అలవాటును మరో ఆటలోకి తెలియకుండా మోసుకెళ్లడం వల్లనే టేబుల్ దగ్గర ఎక్కువ వాదనలు పుడతాయని నా అభిప్రాయం. అయితే ఏ ఆట ఆడుతున్నా అడగవలసిన ప్రశ్నలు మాత్రం మారవు. ఈ రెండు ప్రభావాలూ నియమాల దృష్టిలో ఒకటేనా, వేరువేరా? అవి ఏ క్షణంలో తగులుతాయి? ఎలా వదులుతాయి? వీటిని ఇదే వరుసలో అడగాలి, ఎందుకంటే మొదటిది తేలితే గానీ మిగిలిన వాటిని ఎన్నిసార్లు అడగాలో తెలియదు. రెండు మంటలూ ఒకటే అయితే ఒక్క పాచికతో వదులుతాయి; వేరువేరు అయితే దేని పాచిక దానిదే.

లెక్కల కోసం ఒక మాట. 1డి6 అంటే ఆరు ముఖాల పాచిక ఒకటి, 2డి6 అంటే అటువంటివి రెండు. మొదటిదాని సగటు 3.5, రెండోదాని సగటు 7. డీసీ అంటే పాచిక మీద దాటవలసిన లేదా అందుకోవలసిన అంకె.

ఒకటేనా, వేరా

2019లో వచ్చిన పాత్‌ఫైండర్ ఆట రెండో ఎడిషన్‌లో ఈ నియమం చాలా స్పష్టంగా ఉంటుంది కాబట్టి దానితో మొదలుపెట్టడం మంచిది. అక్కడ దీన్ని పర్సిస్టెంట్ డ్యామేజ్ అంటారు, డ్యామేజ్ రకమే దానికి గుర్తింపు. రకాలు వేరైతే ఎన్నయినా ఒకేసారి ఒకే పాత్ర మీద ఉండవచ్చు. రకం ఒకటే అయితే ఎక్కువ ఉన్నది తక్కువ ఉన్నదాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఆ ఆటలో తొలి స్థాయి ఆల్కెమిస్ట్ నిప్పు సీసా తగిలితే మొదటి దెబ్బ కాక 1 పాయింటు కొనసాగే అగ్ని డ్యామేజ్ మిగులుతుంది. తొలి స్థాయి యాసిడ్ సీసా తగిలితే 1డి6 కొనసాగే ఆమ్ల డ్యామేజ్ మిగులుతుంది. ఈ రెండూ ఒకే శత్రువు మీద పడితే రెండూ పనిచేస్తాయి. అవే నిప్పు సీసాలు రెండు పడితే, కొనసాగే మంట మాత్రం 1 పాయింటు దగ్గరే ఉంటుంది. రెండో సీసా తగిలిన క్షణంలో చేసిన దెబ్బ ఎలాగూ చేసింది, దానివల్ల మంట మాత్రం పెరగలేదు.

ఏది ఎక్కువో చూడగానే తేలని సందర్భాలూ ఉంటాయి. అప్పటికే 2 పాయింట్ల మంట ఉన్న పాత్రకు 1డి4 మంట అంటుకుందనుకోండి. 1డి4 సగటు 2.5, కానీ పాచిక మీద 1 కూడా పడవచ్చు. ఇక్కడ ఆ సన్నివేశానికి ఏది తగినదో గేమ్ మాస్టర్ (ఆటను నడిపే వ్యక్తి) నిర్ణయించాలని నియమమే చెబుతుంది. సగటు ఎక్కువున్న దాన్ని ఎంచుకోవడాన్ని స్థిరమైన పద్ధతిగా పెట్టుకోవాలని నేను సలహా ఇస్తాను, ఎందుకంటే ప్రతిసారీ కొత్తగా ఆలోచించడం కన్నా ముందే అందరికీ తెలిసిన కొలత ఉండటం న్యాయం.

2008లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్ కూడా రకాన్నే గుర్తింపుగా తీసుకుంది. ఆన్‌గోయింగ్ డ్యామేజ్ రకాలు వేరైతే అన్నీ తగులుతాయి, రకం ఒకటే అయితే పెద్ద అంకె మాత్రమే తగులుతుంది. ఏ రకమూ చెప్పని డ్యామేజ్‌ను కూడా ఒక రకం కిందే లెక్కించాలి. కాబట్టి రకం లేనివి రెండు పడినా పెద్దదే మిగులుతుంది.

అయిదో ఎడిషన్‌కు వచ్చేసరికి గుర్తింపు మారిపోయింది, చాలామంది తడబడేది ఇక్కడే. 2014లో వచ్చిన ఆ ఎడిషన్‌లో (2024లో దాన్ని సవరించారు; ఇక్కడి అయిదో ఎడిషన్ లెక్కలు 2014 రూపానివి) కొనసాగే డ్యామేజ్ అనే ప్రత్యేక విభాగమే లేదు. ప్రతి మంత్రమూ, ప్రతి జీవి లక్షణమూ తన మంటను తానే వివరించుకుంటుంది. అవి ఒకదానిమీద ఒకటి పడినప్పుడు చూడవలసింది డ్యామేజ్ రకాన్ని కాదు, పేరును. ఒకే మంత్రం రెండుసార్లు పడితే వాటి కాలాలు అతివ్యాప్తం అయినంతసేపు బలమైన ఒక్కటే పనిచేస్తుంది; వేరువేరు మంత్రాలైతే వాటి ప్రభావాలు కూడుతాయి. మంత్రాలు కాని లక్షణాలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుందని ఆ తర్వాతి సవరణల్లో స్పష్టం చేశారు, అక్కడ ఇచ్చిన ఉదాహరణ కూడా మంటదే: ఫైర్ ఎలిమెంటల్ అనే నిప్పు జీవి వల్ల అంటుకున్న పాత్రకు అదే లక్షణం మళ్లీ తగిలినా మంట పెరగదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. అయిదో ఎడిషన్‌లో ఫైర్ ఎలిమెంటల్ అంటించిన మంట ప్రతి వంతు మొదట్లో 1డి10, ఆల్కెమిస్ట్ నిప్పు అంటించిన మంట 1డి4. రెండూ అగ్నే, అయినా పేర్లు వేరు కాబట్టి రెండూ తగులుతాయి. ఇదే సన్నివేశం పాత్‌ఫైండర్‌లో జరిగితే రెండింటిలో పెద్దది మాత్రమే మిగిలేది. ఒకే రకం కథ, ఒకే రకం మంట, రెండు ఆటల్లో రెండు సమాధానాలు. అందుకే ‘మంట మీద మంట కలవదు’ అని ఎవరైనా గట్టిగా చెప్పినప్పుడు, అది ఏ ఆట నియమమో అడగాలి.

గాయాలన్నింటినీ ఒకే కుప్పగా చూసే మూడో దారి కూడా ఉంది. గర్ప్స్ అనే మరో ఆట నాలుగో ఎడిషన్‌లోని ఐచ్ఛిక రక్తస్రావ నియమంలో ఏ గాయానికి ఆ గాయం విడిగా లెక్క ఉండదు. పోయిన హిట్ పాయింట్ల మొత్తాన్ని బట్టి పాచిక కష్టతరమవుతుంది. అక్కడ అతివ్యాప్తి అన్న ప్రశ్నే రాదు. రాసుకోవలసినది తక్కువ, ఒక గాయానికీ మరో గాయానికీ ఉన్న తేడా కూడా తక్కువే.

తుడిచేయడం, కప్పి ఉంచడం

రెండిట్లో పెద్దదే పనిచేస్తుందని తేలాక, చిన్నది ఏమైందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దీన్ని చాలామంది అడగరు, కానీ పెద్ద ప్రభావం ముందుగా ముగిసిన రోజున దీని అవసరం తెలుస్తుంది. పాత్‌ఫైండర్‌లో పెద్దది చిన్నదాన్ని తోసిపుచ్చి దాని స్థానంలో కూర్చుంటుంది కాబట్టి, 2డి6 మంట ఆరిపోయాక పాత 1డి6 మంట తిరిగి లేవదు. అయిదో ఎడిషన్ మాటలు వేరు: కాలాలు అతివ్యాప్తం అయినంతసేపు బలమైనది పనిచేస్తుంది. అంటే బలహీనమైనది చెరిగిపోలేదు, దాని గడియారం లోపల నడుస్తూనే ఉంది. బలమైనది ముందు ముగిస్తే, మిగిలిన కాలానికి బలహీనమైనది మళ్లీ పైకి వస్తుంది. కాబట్టి అయిదో ఎడిషన్ ఆడేవారు రెండో ప్రభావాన్ని కాగితం మీంచి కొట్టేయకూడదు, పక్కన రాసి ఉంచుకోవాలి. పాత్‌ఫైండర్ ఆడేవారు నిశ్చింతగా కొట్టేయవచ్చు.

తగిలే క్షణం

నాలుగో ఎడిషన్‌లో డ్యామేజ్ వంతు మొదట్లో తగులుతుంది, వదిలించుకునే పాచిక వంతు చివర్లో వస్తుంది. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో డ్యామేజ్, ఆ వెంటనే పాచిక, రెండూ వంతు చివర్లోనే. అయిదో ఎడిషన్‌లో ఎక్కువగా వంతు మొదట్లో తగులుతుంది గానీ అది ఆయా మంత్రాన్ని బట్టి మారుతుంది. యాసిడ్ యారో మంత్రం తగిలిన క్షణంలో 4డి4, ఆ తర్వాత బాధిత పాత్ర తదుపరి వంతు చివర్లో 2డి4 చేస్తుంది, దాంతో దాని పని అయిపోతుంది.

ఈ తేడా చిన్నదిగా కనిపించినా ఆట తీరును మార్చేస్తుంది. వంతు మొదట్లో తగిలే డ్యామేజ్ పాత్రను ఏమీ చేయనివ్వకుండానే పడగొట్టగలదు. వంతు చివర్లో తగిలేది మాత్రం ఆ పాత్రకు ఒక అవకాశం ఇస్తుంది: నీళ్లలోకి దూకవచ్చు, మందు తాగవచ్చు, తోటివారి పక్కకు చేరవచ్చు. కొనసాగే డ్యామేజ్‌లు రెండు మూడు ఒకేసారి ఉన్నప్పుడు ఈ అవకాశం విలువ మరింత పెరుగుతుంది, ఎందుకంటే పడబోయే మొత్తం ఎంతో ముందే అంచనా కట్టి, ఏ ఒక్కదాన్ని ఆపితే ప్రాణం నిలుస్తుందో ఎంచుకోవచ్చు.

ఒకే క్షణంలో పలు ప్రభావాలు జరగవలసి ఉంటే వరుస ఎవరు నిర్ణయించాలి? డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2024 నియమాలలో, ఎవరి వంతు నడుస్తోందో ఆ వ్యక్తే నిర్ణయిస్తారు. వంతు మొదట్లో కొన్ని హిట్ పాయింట్లు తిరిగి పొందే జీవి, అదే క్షణంలో మంట వల్ల కొన్ని కోల్పోతున్నప్పుడు ఈ వరుస ప్రాణం మీదికి వస్తుంది. మీరు ఆడే ఆటలో ఇటువంటి నియమం లేకపోతే దీన్నే అరువు తెచ్చుకోండి. అది ఆటగాడికి నిజమైన ఎంపికను ఇస్తుంది, వాదనను ముగిస్తుంది.

వదిలే దారి

కొనసాగే డ్యామేజ్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ అంకెను చూస్తారు. అంకె కన్నా వదిలే దారిని ముందు చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎలాగో లెక్క వేసి చూద్దాం.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో పర్సిస్టెంట్ డ్యామేజ్ వదలాలంటే ఫ్లాట్ చెక్ డీసీ 15. ఇరవై ముఖాల పాచిక మీద 15 లేదా అంతకన్నా ఎక్కువ పడాలి, ఏ బోనస్సూ కలపకూడదు. అనుకూలమైన ముఖాలు ఆరు, అంటే వంతుకు 30 శాతం అవకాశం. ఈ లెక్కన ఒక మంట సగటున 3.3 వంతులు తగులుతుంది. 1డి6 మంట మొత్తం మీద సుమారు 11.7 పాయింట్లు తీసుకుంటుంది. నాలుగో ఎడిషన్‌లో 10 లేదా అంతకన్నా ఎక్కువ పడితే చాలు. అది 55 శాతం, అంటే సగటున 1.8 సార్లు తగిలి వదులుతుంది. 5 పాయింట్ల ఆన్‌గోయింగ్ డ్యామేజ్ మొత్తంగా 9 పాయింట్ల చిల్లర. అయితే పోరాటాలు అనంతంగా సాగవు. శత్రువుకు మిగిలింది మూడు వంతులే అనుకుంటే, పాత్‌ఫైండర్ మంట తగిలే సగటు 3.3 కాదు, 1, 0.7, 0.49 కలిపి 2.19 మాత్రమే. కాబట్టి కొనసాగే డ్యామేజ్‌ను పోరాటం మొదట్లో వేస్తేనే దాని పూర్తి విలువ దక్కుతుంది. చివర్లో వేసే మంట కన్నా నేరుగా కొట్టే దెబ్బ మేలు.

ఇప్పుడు రెండు ప్రభావాల సంగతి. ఒక పాత్ర మీద 2డి6 మంట ఒక్కటే ఉందనుకోండి. మరో పాత్ర మీద 1డి6 మంట, 1డి6 రక్తస్రావం ఉన్నాయనుకోండి. పాత్‌ఫైండర్‌లో మొత్తం డ్యామేజ్ సగటు రెండు పాత్రలకూ సమానమే, సుమారు 23.3. కానీ మూడు వంతుల తర్వాత కూడా ఏదో ఒకటి వదలకుండా ఉండే అవకాశం మొదటి పాత్రకు 34 శాతం, రెండో పాత్రకు 57 శాతం. పూర్తిగా బయటపడటానికి మొదటి పాత్రకు సగటున 3.3 వంతులు పడితే రెండో పాత్రకు 4.7 వంతులు పడుతుంది. సగటు సమానమైనా, వదిలే దారులు రెండైనప్పుడు బాధ పొడుగవుతుంది. ఒకే రకం మంట పెద్దదైతే ఒక్క పాచికతో అంతా పోవచ్చు, లేదా అంతా మిగిలిపోవచ్చు; వేరువేరు రకాలైతే నష్టం నిలకడగా, ఎక్కువ కాలం సాగుతుంది.

తోటివారి సాయం విషయంలో ఈ తేడా మరింత స్పష్టం. పాత్‌ఫైండర్‌లో మంట ఆర్పడం, గాయానికి కట్టు కట్టడం వంటి సాయానికి సాధారణంగా రెండు యాక్షన్లు (వంతులో చేయగల పనులు) పడతాయి. ఆ సాయం తగినదైతే వెంటనే మరో ఫ్లాట్ చెక్ వేయించడమో, డీసీని 10కి తగ్గించడమో, నీళ్లలో ముంచేయడం వంటి తిరుగులేని ఉపాయానికి మంటను అక్కడికక్కడే ఆర్పేయడమో గేమ్ మాస్టర్ చేయవచ్చు. నీళ్లు మంటను ఆర్పుతాయి, గాయాన్ని ఆపవు. రెండు రకాల ప్రభావాలు ఉన్న పాత్రకు రెండు రకాల సాయం కావాలి, అంటే ఇద్దరు మిత్రుల వంతులో ఎక్కువ భాగం దానికే ఖర్చవుతుంది. అయిదో ఎడిషన్‌లో ఆల్కెమిస్ట్ నిప్పును ఆర్పుకోవడానికి బాధిత పాత్ర తన యాక్షన్ వెచ్చించి డీసీ 10 డెక్స్‌టెరిటీ చెక్ (చురుకుదనాన్ని పరీక్షించే పాచిక) వేయాలి. ఫైర్ ఎలిమెంటల్ మంటకు మరో యాక్షన్ కావాలి. రెండు మంటలూ ఆర్పేలోపు రెండు వంతులు పోతాయి. ఆ మంటలు చేసిన డ్యామేజ్ కన్నా, కత్తి ఎత్తకుండా పోయిన ఆ రెండు వంతులే చాలాసార్లు పోరాటాన్ని తేలుస్తాయి.

కాలంతో, పాచికతో, యాక్షన్‌తోనే కాక వైద్యంతో వదిలేవీ ఉన్నాయి. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో హిట్ పాయింట్లు పూర్తిగా నిండితే రక్తస్రావం దానంతటదే ఆగుతుంది. 2009 నాటి మొదటి ఎడిషన్‌లో హిట్ పాయింట్లు తిరిగి ఇచ్చే ఏ మంత్రమైనా రక్తస్రావాన్ని ఆపేది, లేదా డీసీ 15 హీల్ చెక్ (వైద్య నైపుణ్యపు పాచిక) ఆపేది. కాబట్టి పాత మొదటి ఎడిషన్ నుంచి రెండో ఎడిషన్‌కు వచ్చినవారు చిన్న వైద్య మంత్రం వేసి రక్తం ఆగిందనుకోవడం సహజమే, కానీ సరికాదు.

నియమమే మినహాయింపు ఇచ్చినప్పుడు

సాధారణ నియమం ఏదైనా, ఆ ప్రభావం తన వివరణలో వేరే మాట చెబితే ఆ మాటే చెల్లుతుంది. అయిదో ఎడిషన్‌లో బేర్డెడ్ డెవిల్ అనే రాక్షసుడి ఆయుధం గ్లేవ్ చేసిన గాయం ప్రతి వంతు మొదట్లో 1డి10 తీసుకుంటుంది. అదే ఆయుధం మళ్లీ తగిలిన ప్రతిసారీ మరో 1డి10 పెరుగుతుంది. పేరు ఒకటే అయినా ఇక్కడ కూడుతుంది, ఎందుకంటే ఆ లక్షణమే అలా రాసి ఉంది. సోర్డ్ ఆఫ్ వూండింగ్ అనే మాయా కత్తి కూడా అంతే: ఎన్నిసార్లు గాయపరిస్తే అన్ని 1డి4లు. కానీ దాని వదిలే దారి వేరు. డీసీ 15 కాన్‌స్టిట్యూషన్ సేవింగ్ త్రో (దేహబలంతో ప్రభావాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) ఒక్కటి నెగ్గితే ఆ కత్తి చేసిన గాయాలన్నీ ఒకేసారి మూసుకుంటాయి. కూడే ప్రభావానికి ఒక్క దారి పెట్టడం నాకు ఎంతో నచ్చిన రూపకల్పన; బాధ పెరుగుతున్న కొద్దీ ఆ ఒక్క పాచిక మీద ఉత్కంఠ కూడా పెరుగుతుంది, టేబుల్ మీద రాసుకోవలసిన వరుస మాత్రం ఒక్కటే ఉంటుంది.

విషాలది మరో తరహా. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో చాలా విషాలకు దశలు ఉంటాయి. అదే విషం మళ్లీ ఒంట్లోకి వెళ్లి, సేవింగ్ త్రో విఫలమైతే డ్యామేజ్ రెండింతలు కాదు; దశ ఒకటి పెరుగుతుంది, ఘోరంగా విఫలమైతే రెండు పెరుగుతుంది, గరిష్ఠ కాలం మాత్రం మారదు. ఇది పర్సిస్టెంట్ డ్యామేజ్ కాదు కాబట్టి రెండింటి నియమాలనూ కలపకూడదు. కొనసాగే విష డ్యామేజ్ ఒకటి, దశలున్న విషం ఒకటి ఒకే పాత్ర మీద ఉంటే, రెండింటినీ విడివిడిగానే నడపాలి.

తగ్గింపులు, పడిపోయిన పాత్రలు

డ్యామేజ్‌ను కలిపి ఒకేసారి తీస్తున్నామా, విడివిడిగా తీస్తున్నామా అన్నది రెసిస్టెన్స్ (ఒక రకం డ్యామేజ్‌ను తట్టుకునే గుణం) దగ్గర తేడా తెస్తుంది. అయిదో ఎడిషన్‌లో రెసిస్టెన్స్ ఉంటే డ్యామేజ్ సగమై, భిన్నం వస్తే కిందికి దిగుతుంది. 5, 5 పాయింట్ల మంటలు రెండు విడిగా తగిలితే 2, 2 కలిపి 4. కలిపేసి 10 అనుకుంటే 5. రెండూ వేరు ప్రభావాలు కాబట్టి విడిగా సగం చేయడమే సరైనది. అంకె చొప్పున తగ్గించే ఆటల్లో తేడా ఇంకా ఎక్కువ: 3 పాయింట్ల తగ్గింపు ఉన్నప్పుడు 5, 5 మంటలు విడిగా 4 పాయింట్లు, కలిపితే 7 పాయింట్లు తీసుకుంటాయి. పాత్‌ఫైండర్‌లో దీనికి తిరగబడిన పరిస్థితీ ఉంది. అగ్నికి 5 పాయింట్ల వీక్‌నెస్ (ఆ రకం డ్యామేజ్‌కు అదనంగా కలిసే అంకె) ఉన్న జీవికి 1 పాయింటు మంట అంటించినా ప్రతి వంతూ 6 పోతాయి. అంకె చిన్నదని తీసిపారేసే ఆ తొలి స్థాయి నిప్పు సీసా అటువంటి శత్రువు మీద అమూల్యమైనది.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసిన సందర్భం, పాత్ర సున్నా హిట్ పాయింట్లతో నేల మీద ఉన్నప్పుడు. అయిదో ఎడిషన్‌లో ఆ స్థితిలో తగిలే ప్రతి డ్యామేజ్ ఒక డెత్ సేవింగ్ త్రో (ప్రాణం నిలుస్తుందో లేదో తేల్చే పాచిక) వైఫల్యం కిందికి వస్తుంది. మూడు వైఫల్యాలతో పాత్ర చనిపోతుంది. వేరువేరు పేర్లున్న రెండు మంటలతో పడిపోయిన పాత్ర తన వంతు మొదట్లోనే రెండు వైఫల్యాలు మూటగట్టుకొని, ఆపైన మూడో పాచిక వేయవలసి వస్తుంది. సాధారణంగా మిత్రులకు దొరికే రెండు మూడు రౌండ్ల వ్యవధి ఇక్కడ ఉండదు. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించింది: పర్సిస్టెంట్ డ్యామేజ్‌లు ఎన్ని రకాలున్నా అవి ఒకేసారి తగిలినట్టు భావించాలి, కాబట్టి డయింగ్ స్థాయి (పాత్ర చావుకు ఎంత దగ్గరగా ఉందో చూపే అంకె) ఒక్కసారే పెరుగుతుంది. అయిదో ఎడిషన్‌లో ఆడే గేమ్ మాస్టర్లు ఈ సంగతిని పోరాటానికి ముందే ఆటగాళ్లకు చెప్పాలి. పడిపోయిన మిత్రుడికి హిట్ పాయింట్లు ఇవ్వడమా, ముందు మంట ఆర్పడమా అన్న నిర్ణయం వాళ్లు తెలిసి తీసుకోవాలి.

మంత్రం మీద కాన్‌సన్‌ట్రేషన్ (మంత్రం చెరగకుండా పట్టి ఉంచే ఏకాగ్రత) నిలుపుకుంటున్న పాత్రకు కూడా ఇదే చిక్కు. అయిదో ఎడిషన్‌లో డ్యామేజ్ తగిలిన ప్రతి మూలానికీ విడిగా సేవింగ్ త్రో వేయాలి, డీసీ 10 లేదా డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. 4, 6 పాయింట్ల రెండు మంటలు అంటే డీసీ 10 పాచికలు రెండు. శత్రు మాంత్రికుడి మంత్రాన్ని చెరపాలనుకునే బృందానికి ఒక పెద్ద మంట కన్నా పేర్లు వేరైన రెండు చిన్న మంటలే ఎక్కువ పనికొస్తాయి.

కాగితం మీద ఎలా రాసుకోవాలి

నియమాలన్నీ తెలిసినా, నాలుగో రౌండ్‌కు ఎవరి మీద ఏముందో మరచిపోతే ప్రయోజనం లేదు. ఒక్కో ప్రభావానికి ఒక్కో చిన్న చీటీ రాయడం నాకు తెలిసినంతలో ఉత్తమమైన మార్గం. చీటీ మీద ప్రభావం పేరు, డ్యామేజ్ రకం, పాచికలు, తగిలే క్షణం, వదిలే దారి, వేసినవారు ఎవరు అన్నవి ఉండాలి. ఉదాహరణకు: ‘యాసిడ్ సీసా, ఆమ్లం, 1డి6, వంతు చివర, ఫ్లాట్ చెక్ 15, ఆల్కెమిస్ట్’. కొత్త ప్రభావం పడినప్పుడు ముందు ఉన్న చీటీలతో పోల్చండి. పాత్‌ఫైండర్ అయితే రకం చూడండి, అయిదో ఎడిషన్ అయితే పేరు చూడండి. పోలిక కుదిరితే చిన్నదాన్ని ఆట నియమం ప్రకారం పారేయండి, లేదా పెద్దదాని కిందికి జరపండి.

చీటీని బాధిత పాత్రను నడిపే వ్యక్తి ముందే పెట్టాలి, వేసినవారి దగ్గర కాదు. గేమ్ మాస్టర్‌కు అప్పటికే చాలా పనులు ఉంటాయి. తన పాత్రకు తగిలే మంటను గుర్తుపెట్టుకోవడం ఆటగాడి బాధ్యత అని మొదటే అనుకోవాలి. శత్రువుల మీద ఉన్న ప్రభావాలకు మాత్రం, వాటిని వేసిన ఆటగాడు గుర్తుచేసే ఏర్పాటు బాగుంటుంది, ఎందుకంటే ఆ డ్యామేజ్ తగలాలని ఎక్కువ కోరిక ఉండేది అతనికే. ఎవరైనా మరచిపోయి రెండు వంతులు దాటాక గుర్తొస్తే, వెనక్కి వెళ్లి పాచికలు వేయకండి, అప్పటినుంచి కొనసాగించండి. పాత వంతుల్లో ఎవరు ఎప్పుడు పడిపోయి ఉండేవారో తిరిగి లెక్క కట్టడం ఎన్నడూ సవ్యంగా తేలదు.

పాత్‌ఫైండర్‌లో పాచికలు ప్రతి వంతూ కొత్తగా వేయాలన్నది మరవకండి. మొదటి వంతులో 6 పడింది కదా అని అదే అంకెను రాసుకుని ప్రతిసారీ తీయకూడదు.

సొంత నియమం రాసుకునేటప్పుడు

మీ ఆటలో దీనికి నియమమే లేకపోతే, లేదా మీరే కొత్త ఆట తయారుచేస్తుంటే, రకం ఒకటే అయితే పెద్దదే, రకాలు వేరైతే అన్నీ అన్న సూత్రంతో మొదలుపెట్టండి. ఇది కథకు సరిపోతుంది, రాసుకోవలసిన చీటీలు తక్కువ, పైగా ఆటగాళ్లను ఒకే ఆయుధాన్ని పదేపదే వాడటం మాని రకరకాలుగా ఆలోచించమని ప్రోత్సహిస్తుంది. అన్నీ కూడేలా వదిలేస్తే నలుగురు ఆటగాళ్లూ ఒకే సీసాను విసరడమే ఉత్తమమైన వ్యూహం అవుతుంది, ఏ పెద్ద శత్రువైనా రెండు రౌండ్లలో కరిగిపోతాడు. ఆ సీసాలే ఆటగాళ్ల మీద తిరిగి పడినప్పుడు వారి పాత్రలకూ అదే గతి పడుతుంది.

కూడే ప్రభావం ఏదైనా కావాలనిపిస్తే దానికి పైన చెప్పిన సోర్డ్ ఆఫ్ వూండింగ్‌లాగా ఒక్క వదిలే దారి పెట్టండి, లేదా ఇంతకు మించి పెరగదని ఒక హద్దు పెట్టండి. పెరిగే కొద్దీ వదిలించుకోవడం కూడా కష్టతరం చేయడం మాత్రం వద్దని నా సలహా. పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్ విషాల్లో అదనపు మోతాదు పడిన ప్రతిసారీ డీసీ 2 పెరిగి, కాలం సగం మేర పెరిగేది. విషానికి అది తగినదే కావచ్చు, కానీ ప్రతి వంతూ తగిలే మంటకు అదే పెడితే ఒకసారి వెనకబడిన పాత్రకు తేరుకునే మార్గం ఉండదు.

పోరాటం ముగిశాక ఇంకా వదలని ప్రభావాల సంగతి కూడా ముందే తేల్చుకోండి. పాత్‌ఫైండర్‌లో మంట తనంతట ఆరడానికి, రక్తం గడ్డకట్టడానికి మామూలుగా 1 నిమిషం పడుతుందని, కచ్చితమైన కాలం గేమ్ మాస్టర్ చెప్పాలని నియమం. నిమిషం అంటే 6 సెకన్ల రౌండ్లు పది. ఎవరి సాయమూ అందని ఒంటరి పాత్రకు ఆ పది రౌండ్లూ నిజంగా వేసి చూడాలి, ఎందుకంటే వాటిలో ప్రాణం పోవచ్చు. చుట్టూ మిత్రులుండి, నీళ్లూ కట్లూ చేతిలో ఉంటే మాత్రం, ఒకటి రెండు వంతుల డ్యామేజ్ తీసి కథను ముందుకు నడపడం మంచిది.